బొట్టుగాడి గట్టు తగాదా

మా ఇంట్లో ఉప్పునీళ్ళ అక్వేరియం పెట్టి రెండేళ్ళు దాటింది, మూడడుగుల ట్యాంకు, 190 లీటర్ల దాకా పడుతుంది, బొట్టుగాడు అందులో ఉండే చేప. భీమవరంలో ఉప్పునీళ్ళ గురించి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు, మొగల్తూరు వైపు మా నాన్నకి వనామి రొయ్యల చెరువులున్నాయి, సెలినిటీ (నీళ్ళలో ఉప్పెంతుందో) చూసుకోడానికి ఆయన రిఫ్రాక్టోమీటరే, అంటే ఉప్పు కొలిచే పరికరమే, నేనూ వాడతా. కాకపోతే చెరువులో 15 పీపీటీ (వెయ్యి వంతుల్లో 15 వంతుల ఉప్పు) ఉన్నా రొయ్య పెరిగిపోద్ది, పగడపు దిబ్బల చేపలకి మాత్రం 35 దగ్గర నిలకడగా ఉండాల్సిందే.

"పక్కనే సముద్రం పెట్టుకుని ఉప్పు కొనుక్కోడమేంట్రా" అన్నారు నాన్న మొదట్లో. కానీ మనది గోదారి కలిసే సముద్రం కదా, వరదల టైములో అంతర్వేది దగ్గర పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద నుంచి చూస్తే కనుచూపు మేరా ఎర్రనీళ్ళే, ఉప్పు పడిపోద్ది, ఒండ్రు ఎక్కువ, అందుకే ఇక్కడ పగడాలు కూడా పెరగవు. నేను ఆర్వో నీళ్ళలో అక్వేరియం ఉప్పు కలుపుతా. ఆవిరైన నీళ్ళకి బదులు మళ్ళీ మంచినీళ్ళే పోస్తా, ఎందుకంటే ఆవిరయ్యేది నీళ్ళే గానీ ఉప్పు కాదు, ఎండాకాలం చెరువులో సెలినిటీ పెరగడం చూసినోళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు. ట్యాంకులో రాళ్ళు కూడా పగడపు రాళ్ళు కాకుండా సిరామిక్‌వే కొన్నా, పగడాలు 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణలో ఉన్నాయి, ఎవరైనా సముద్రం నుంచి తీసినవి అమ్ముతామంటే కొనకండి.

అసలు విషయం బొట్టుగాడు. డామినో డ్యామ్‌సెల్ అనే జాతి చేప, ఒళ్ళంతా నలుపు, పక్కలకి ఒక్కో తెల్ల మచ్చ, నుదుటి మీద ఒకటి, ఆ నుదుటి మచ్చ చూసి అమ్మ పెట్టిన పేరు. "గట్టి చేపండి, కొత్త ట్యాంకులో ముందు దీన్నే వేసుకోండి" అని షాపులో ఇచ్చారు. గట్టిదే, నిజమే. కానీ కొత్త ట్యాంకులో అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా కుదురుకోడానికి నాలుగైదు వారాలు పడుతుంది, అప్పటిదాకా అమ్మోనియా, నైట్రైట్ చేపకి విషమే, అందులో దాన్ని ఉంచడం తప్పని నాకు తర్వాత తెలిసింది. చేప లేకుండా కూడా ఆ బాక్టీరియాని పెంచుకోవచ్చు. పైగా ముందు వచ్చిన చేప ట్యాంకంతా నాదే అనుకుంటుంది.

మూడు నెలలకి రెండు చిన్న క్లౌన్ ఫిష్ తెచ్చా. బొట్టుగాడు అరగంట కూడా ఊరుకోలేదు, వాటిని మూల నుంచి మూలకి తరిమి తోకలు చింపేశాడు, మూడో రోజు పొద్దున్న ఒకటి చచ్చిపోయి ఉంది. ఆ రోజు నాకు అన్నం దిగలేదు. బొట్టుగాడి మీద కోపం వచ్చింది, ఇచ్చేద్దామనుకున్నా. నాన్న కాసేపు ట్యాంకు ముందు కూర్చుని చూసి "దాని గట్టు మీదకి ఇంకోడొచ్చాడు, మనం మాత్రం ఊరుకుంటామేంట్రా" అన్నారు. చేలో జానెడు గట్టు జరిగితే రెండు తరాలు మాటల్లేని కుటుంబాలు మా ఊళ్ళోనే ఉన్నాయి. సముద్రంలో అయితే ఓడిపోయిన చేప పారిపోడానికి చోటుంటుంది, మూడడుగుల అద్దాల గదిలో ఎక్కడికి పోద్ది?

అప్పుడు చేసింది ఏంటంటే, రాళ్ళన్నీ బయటికి తీసేశా (అలా తియ్యకుండా దాన్ని పట్టడం కుదరదు), బొట్టుగాడిని చిల్లుల ప్లాస్టిక్ బుట్టలో పెట్టి అదే ట్యాంకులో వేలాడదీశా. రాళ్ళు రెండు వేరే గుట్టలుగా పేర్చా, మధ్యలో ఖాళీ, ఒక గుట్ట నుంచి చూస్తే రెండోది కనపడకుండా. మిగిలిన క్లౌన్ పది రోజులు హాయిగా తిరిగి కుడిపక్క గుట్ట సొంతం చేసుకుంది. అప్పుడు బొట్టుగాడిని వదిలా. వాడి పాత బొరియ లేదు, పాత గుర్తులు లేవు, రోజంతా వెతుక్కుని ఎడమ గుట్ట కింద దూరాడు. ఇప్పటికీ తరుముతాడు గానీ మధ్య ఖాళీ దాకా వచ్చి ఆగిపోతాడు. రాత్రి పంపు ఆపి అద్దానికి చెవి ఆనిస్తే టక్ టక్‌మని వాడి చప్పుడు వినపడుద్ది, ఈ జాతి చేపలు బెదిరించడానికి అలా చప్పుడు చేస్తాయి.

పూర్తిగా ఎదిగితే 14 సెంటీమీటర్ల దాకా అవుతాడు, అప్పటికి ఈ ట్యాంకు చాలదు, ఐదడుగులది చేయించడానికి హాల్లో కొలతలు తీసుకున్నా. నిన్న మేత వేస్తూ అమ్మ అడిగింది, "వీడి బొట్టు మాసిపోతోందేంట్రా, ఏమన్నా రోగమా?" అని. రోగం కాదమ్మా, పెద్దోడవుతున్నాడు, వయసుతో ఆ మచ్చలు తగ్గిపోతాయి అని చెప్పా.