ఆవిడ ముక్క ఆవిడే తీసుకుంటారు

"దయచేసి చెయ్యి తీసెయ్యండి. ఆవిడ ముక్క ఆవిడే తీసుకుంటారు."

ఇంత మర్యాదగా నన్నెవరూ ఇంతకుముందు తిట్టలేదు. జపనీస్‌లో ఎన్ని గౌరవ వాచకాలున్నాయో అన్నీ వాడి, గొంతు ఒక్క ఇసుమంత కూడా పెంచకుండా అన్నారు, ఆటలో కూర్చున్న ఒక పెద్దాయన. మాజాంగ్ అనే బిళ్లల ఆట బల్ల దగ్గర ఉన్న మిగతావాళ్లు తలెత్తి కూడా చూడలేదు. ఇంతకీ నేను చేసిన ఘోరం ఏమిటంటే, పార్కిన్సన్స్‌తో చెయ్యి వణికే ఒక పెద్దావిడ ముక్క తీసుకోవడానికి అవస్థ పడుతుంటే, నేనే తీసి ఆవిడ ముందు పెట్టబోయాను. మా ఊళ్లో ఎవరైనా అలా తీసి పెట్టకపోతే తిడతారు.

నగోయా శివార్లలో ఒక డే సర్వీస్ కేంద్రంలో నాది కేర్ వర్కర్ ఉద్యోగం. వయసు పైబడినవాళ్లు పొద్దున వ్యాన్‌లో వస్తారు, సాయంత్రం ఇళ్లకు వెళ్లిపోతారు. జపాన్ అనగానే మనవాళ్లు సాఫ్ట్‌వేర్ అనుకుంటారు. 2021లో రెండు దేశాల మధ్య నైపుణ్య కార్మికుల ఒప్పందం కుదిరాక నర్సింగ్ చదివిన నాలాంటివాళ్లకూ ఇటు దారి దొరికింది. స్నానాలు చేయించడం, భోజనాల దగ్గర కనిపెట్టుకుని ఉండటం, బాత్‌రూమ్‌కి తీసుకెళ్లడం, బీపీ చూసి రాయడం, ఇదీ పని. మధ్యాహ్నం రెండింటికి మాత్రం మాజాంగ్.

రమ్మీ వచ్చినవాళ్లకు ఈ ఆట సగం వచ్చినట్టే. చేతిలో పదమూడు ముక్కలు. ఒకటి తీసుకోవాలి, ఒకటి వదలాలి. సీక్వెన్సులో ట్రిప్లెట్లో నాలుగు సెట్లు, పైన ఒక జత కుదిరితే ఆట. పేకల బదులు వేలెడంత గట్టి బిళ్లలు, మొత్తం 136. ఆట అయ్యాక వాటిని బల్ల మధ్యలో ఉన్న కంతలోకి తోసేస్తే, లోపలి మిషనే కలిపి, గోడల్లా పేర్చి పైకి పంపిస్తుంది. మా కేంద్రంలో ఆడేదాన్ని 'ఆరోగ్య మాజాంగ్' అంటారు. పందెం లేదు, మందు లేదు, సిగరెట్ లేదు. ఈ మూడూ లేకుండా నలుగురు అంత సీరియస్‌గా ఎలా కూర్చుంటారో మొదట్లో నాకు అర్థమయ్యేది కాదు.

కూర్చోగానే అందరూ తల వంచి "యొరొషికు ఒనెగాయిషిమాసు" అని మర్యాదగా పలకరించుకుంటారు, లేచేటప్పుడు ధన్యవాదాలు చెప్పుకుంటారు. ఈ మధ్యలో జరిగేదంతా పద్ధతే. ముందు ఆడేవాళ్లు ముక్క వదిలేదాకా మన చెయ్యి గోడ వైపు వెళ్లకూడదు. ముక్కను బల్ల మీద కొట్టకూడదు. రెండో చెయ్యి వాడకూడదు. వదిలిన ముక్కల్ని మన ముందు వరసకు ఆరు చొప్పున సర్దాలి, ఎందుకంటే ఎవరు ఏది ఎప్పుడు వదిలారో చూసే అవతలివాళ్లు మన చేతిలో ఏముందో అంచనా వేస్తారు. పైగా మనకు ఆట అయ్యే ముక్క మనం ముందే వదిలేసి ఉంటే, వేరేవాళ్లు వదిలిన ముక్క మీద ఆట చెప్పడానికి లేదు. ఇంకొక్క ముక్క వస్తే చాలు అన్న స్థితికి వచ్చినవాళ్లు "రీచి" అని చెప్పి, వదిలే ముక్కను అడ్డంగా పెట్టి, వెయ్యి పాయింట్ల పుల్ల బల్ల మీద ఉంచుతారు. పాయింట్లు ఇచ్చుకోవాల్సి వచ్చినవాళ్లు "హాయ్", అంటే సరే, అని ఇచ్చేస్తారు. అంతే. 'అయ్యో, ఇంకొక్క రౌండ్ ఆగితే నాదే' అనడాలు లేవు.

ఇవన్నీ ఒప్పుకున్నాను. నాకు మింగుడుపడనిది వెనకాల నిలబడేవాళ్లకు పెట్టిన పద్ధతి. ఒకరి వెనక నిలబడితే అక్కడే ఉండాలి, ఇంకొకరి వెనక్కి వెళ్లకూడదు. మాట్లాడకూడదు. ముఖం కూడా మారకూడదట! మంచి ముక్క చూసి నా కళ్లు పెద్దవైతే, ఎదురుగా కూర్చున్నవాళ్లకు అదొక సమాచారం.

మా ఊరు భీమవరం దగ్గర. సంక్రాంతికి మా పెరట్లో పేకాట కూర్చుంటే ఆడేవాళ్లు ఆరుగురు, ఆడించేవాళ్లు పదిమంది. "ఆ ఇస్పేటు రాణి ఎందుకు పట్టుకు కూర్చున్నావ్, పడెయ్ బాబాయ్" అని వెనకనుంచి అరిస్తే, పక్కవాళ్లకు చెయ్యి తెలిసిపోతుందన్న దిగులు ఎవరికీ ఉండదు. తాతయ్యకు చూపు తగ్గాక ఆయన ముక్కలు పట్టుకోవడం నా పని. ఏది వదలాలో కూడా చాలాసార్లు నేనే చెప్పేదాన్ని. ఆయన ఓడిపోతుంటే మావయ్య కావాలనే కావలసిన ముక్క వదిలేవాడు, అది అందరికీ తెలుసు, తాతయ్యకు కూడా తెలుసేమో. దాన్ని మేం ప్రేమ అనుకున్నాం. ఇప్పటికీ అనుకుంటాను.

ఆ రోజు సాయంత్రం మా మేనేజర్ నన్ను కూర్చోబెట్టి చెప్పింది వృత్తి పాఠం. ఈ దేశంలో వృద్ధుల సంరక్షణ బీమా 2000లో మొదలైంది. ఆ చట్టం ప్రకారం మా పనికి మూల సూత్రం, మనిషి తనంతట తాను చేసుకోగలిగింది తననే చేసుకోనివ్వడం. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి పావుగంట పడితే పావుగంటా ఆగాలి. మామ్మగారూ అని నోటిదాకా వచ్చినా పిలవకూడదు, ఇంటిపేరుకు మన 'గారు' లాంటి 'సాన్' తగిలించి పిలవాలి. ఇదంతా నాకు ట్రైనింగ్‌లోనే చెప్పారు, పాటిస్తున్నాను కూడా. కానీ బొత్తాలు వేరు, ఆట వేరు కదా? ఆటలో చెయ్యి అందించడం కూడా తప్పేనా అని అడిగాను. ఆవిడ నవ్వి, అది ఆయన్నే అడగమంది.

నేను అడగలేదు, ఆయనే చెప్పారు, ఇంకో రోజు వ్యాన్ కోసం ఎదురుచూస్తూ. ఆయన మెషిన్ విడిభాగాలు అమ్మే సేల్స్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఆ రోజుల్లో ఆఫీసు అయ్యాక కస్టమర్లను మాజాంగ్‌కి తీసుకెళ్లి, వాళ్లకు అనుమానం రాకుండా ఓడిపోవడం ఉద్యోగంలో భాగమట. బాగా ఆడటం కంటే బాగా ఓడిపోవడం కష్టం అన్నారు. గెలిచే చెయ్యిని ముక్కలు చేసి, కావలసింది వదిలేసి, పైగా "ఎంత బాగా ఆడారండీ" అనాలి. అలా ఏళ్ల తరబడి ఓడినవాడికి ఇప్పుడు ఎవరూ ఎవరినీ గెలిపించని బల్ల కావాలి. ఆ పెద్దావిడ కూడా అందుకే వస్తారన్నది ఆయన నమ్మకం. ఆవిడను అడిగారా అంటే, అలాంటివి అడగరట.

ఇక్కడే నాకు చిరాకు. ఒక్క మాట అడగరు, అడగకుండానే ఆవిడ తరఫున నన్ను కోప్పడతారు. మావయ్య తాతయ్యకు ముక్క వదలడం, ఈయన కస్టమర్‌కు ముక్క వదలడం ఒకటేనా? ఒకటి బాస్ భయం, ఇంకోటి ఇంట్లోవాళ్ల ముచ్చట. తూకం వేసి చూస్తే నాకు మా పెరడే బరువుగా తోస్తుంది. ఇంటికి దూరంగా ఉన్నవాళ్ల తక్కెడ ఎటు మొగ్గుతుందో మీకు తెలియంది కాదు.

కానీ ఒక మాట చెప్పుకోవాలి. ఆ తర్వాత చాలా రోజులు ఆవిడ వెనకే నిలబడ్డాను, ముఖం బిగించుకుని. ఆవిడ ముక్క అందుకున్నాక వెంటనే తిప్పి చూడరు. కిందనుంచి బొటనవేలితో తడుముతారు. మాజాంగ్ ముక్కలకు బొమ్మ చెక్కి ఉంటుంది కాబట్టి, అలవాటైన వేలికి అది వెదురా, చుక్కలా, అక్షరమా తెలిసిపోతుంది. చూడకముందే తెలుసుకోవడం అదో సరదా. కొన్నిచోట్ల దీన్ని మర్యాద తక్కువ పని అంటారు కానీ ఇక్కడ ఎవరూ ఆవిడను ఏమీ అనరు. అంటే నేను అవస్థ అనుకున్న ఆ ఆలస్యంలో వణుకు కొంతే, మిగతాదంతా రుచి. తాతయ్య కూడా కొత్త ముక్కను చేతిలో పేకల వెనక పెట్టి, మిల్లీమీటరు మిల్లీమీటరు చొప్పున పైకి జరుపుతూ చూసేవాడు. అప్పుడు నేను "త్వరగా చూడు తాతయ్యా" అని లాగేసేదాన్ని.

మిగతా ముగ్గురూ ఆ వణుకు కోసం ఎంతసేపైనా ఆగుతారు, గోడ వైపు చూడరు, వాచీ చూడరు. అదే ఇంకెవరైనా ఏది వదలాలో తేల్చుకోలేక నాన్చితే మాత్రం బల్ల మీద వేళ్లు కదులుతాయి. చెయ్యి ఆలస్యానికీ బుర్ర ఆలస్యానికీ తేడా ఉందన్నమాట.

ఈమధ్య ఒకరు ఆసుపత్రి పాలైతే నాలుగో మనిషిగా నన్ను కూర్చోబెట్టారు. ఈ సంగతి ఫోన్‌లో చెబితే మావయ్య మొదటి ప్రశ్న, "పాయింటుకి ఎంతే?" రమ్మీ తెలివితేటల ఆటని సుప్రీంకోర్టు 1967లో తీర్పిచ్చింది మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులోనేనని, పోలీసులు వచ్చినప్పుడల్లా చెప్పే మనిషి ఆయన.

"డబ్బుల్లేవు మావయ్యా. ఇక్కడ పందెం కడితే నేరం. 2020లో టోక్యోలో పెద్ద ప్రాసిక్యూటరొకాయన పందెం మాజాంగ్ ఆడి పదవి పోగొట్టుకున్నాడు."

"డబ్బుల్లేని ఆటకి అన్ని పద్ధతులెందుకే?"

నాకు ఒళ్లు మండింది. వరసకు ఆరు ముక్కలు, వెనక నిలబడేవాళ్ల నోళ్లు, బొటనవేలు, సేల్స్ ఆయన, మొత్తం చెప్పుకొచ్చాను. ఓపిగ్గా విన్నాడు.

"అదంతా సరేగానీ, ఆ పెద్దావిడకి ఓ ముక్క తీసిపెడితే వాళ్ల సొమ్మేం పోయింది?"

దానికి నేను చెప్పిన జవాబు ఆయనకు నచ్చలేదు. నిజం చెప్పాలంటే నాకూ పూర్తిగా నచ్చలేదు. వచ్చే సంక్రాంతికి ఒక సెట్టు కొనుక్కొస్తాను, పెరట్లో కూర్చుని మీరే ఆడి చూడండి అన్నాను.

"తేవే. కానీ మనోళ్లు వెనకాల నోరు మూసుకుని నిలబడతారంటావా?"