ఇస్త్రీ చేసిన నోట్లు

నిన్న రాత్రి ‘బౌండ్’ అనే హాలీవుడ్ క్రైమ్ సినిమా మళ్లీ చూశాను, ఇది నాలుగోసారి. షార్ట్ ఫిల్ములకు ఎడిటింగ్ చేస్తుంటాను. డబ్బు చాలదని ఏ డైరెక్టరైనా డీలా పడితే నాకు ఈ సినిమానే గుర్తొస్తుంది. 1996లో వచ్చింది. తర్వాత ‘మ్యాట్రిక్స్’ తీసిన వచౌస్కీ అక్కచెల్లెళ్లకు డైరెక్టర్లుగా ఇదే మొదటిది. బడ్జెట్ సుమారు 60 లక్షల డాలర్లు, హాలీవుడ్ లెక్కల్లో చిన్న మొత్తమే. కథ చాలావరకు పక్కపక్కనే ఉన్న రెండు అపార్ట్‌మెంట్లలో నడుస్తుంది. మధ్యలో పల్చటి గోడ. సగం టెన్షన్ ఆ గోడ పుట్టించిందే.

అన్నిటికంటే నాకిష్టమైనది నోట్ల సీను. రక్తంలో తడిసిన డాలర్లను మాఫియా మనిషి సీజర్ శుభ్రంగా కడిగి, బట్టల్లా తీగల మీద ఆరేసి, ఇస్త్రీ చేస్తాడు. అతని చేతుల్లోని ఆ శ్రద్ధ చూస్తేనే ఒళ్లు జలదరిస్తుంది.

జినా గెర్షాన్, జెన్నిఫర్ టిల్లీల శృంగార సన్నివేశాన్ని ఒకే షాట్‌లో తీశారు. దానికి రచయిత్రి సూజీ బ్రైట్ సలహాలిచ్చారు. ఎడిటర్‌గా చెబుతున్నాను, అక్కడ ఒక్క కట్ పడినా ఆ ఇద్దరి మధ్య నమ్మకం నాకు ఇంతలా తెలిసేది కాదు.

గెర్షాన్ వేసిన కార్కీ పాత్రను మగవాడిగా మార్చమని స్టూడియోల వాళ్లు అడిగారు. అక్కచెల్లెళ్లు ఒప్పుకోలేదు. మార్చి ఉంటే, అలాంటి కథలు మనం అప్పటికే బోలెడు చూసేశాం.