డాట్ ఇన్ మాకొచ్చింది, డాట్ కామ్ ఇంకా ఆయన దగ్గరే ఉంది

మాది చిత్తూరు పక్కన పల్లె, బెల్లం వండే ఇల్లు. మా బ్రాండు పేరు ఇక్కడ రాయను. రాస్తే తెల్లారేసరికి అందులో ఒక అక్షరం అటూ ఇటూ మార్చి ఇంకో నాలుగు పేర్లు ఎవరో కొనిపెట్టుకుంటారు. మా అవ్వ పేరుకు గానుగ తగిలించి కట్టిన పేరనుకోండి. ఏ నిఘంటువులోనూ ఉండదు, ఇంకెవరికీ దాంతో పని లేదు. తర్వాత మమ్మల్ని గట్టెక్కించింది ఆ సంగతే.

మండీకి దిమ్మెలు వేయడం తగ్గించి, బెల్లం పొడి ప్యాకెట్లలో అమ్మడం మొదలుపెట్టాక ట్రేడ్‌మార్క్‌కు దరఖాస్తు పెట్టాం. మన రాష్ట్రం చెన్నై ఆఫీసు కిందికొస్తుంది. చిన్న పరిశ్రమలకు ఆన్‌లైన్‌లో క్లాసుకు, అంటే ఒక్కో సరుకు రకానికి, 4,500 రూపాయలు. దరఖాస్తు పడ్డ పేరు ఎవరైనా చూడొచ్చు. తర్వాత ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో వేస్తారు, అభ్యంతరాలకు నాలుగు నెలలు ఇస్తారు. అంతా అయి, సర్టిఫికెట్ చేతికొచ్చి, వెబ్‌సైట్ చేయిద్దామని కూర్చుంటే డాట్ కామ్, డాట్ ఇన్ రెండూ ఎవరో తీసేసుకున్నారు. నమోదైన తేదీలు చూస్తే రెండూ మా దరఖాస్తు తర్వాతివే. ఆ జాబితాలు చూసే కొన్నాడని నా అనుమానం. రుజువు లేదు కాబట్టి అనుమానం అనే అంటున్నా.

ఆ పేరు కొట్టి చూస్తే పైన 'అమ్మకానికి ఉంది' అని పట్టీ, కింద ప్రకటనల లింకులు: ఆర్గానిక్ బెల్లం, తాటిబెల్లం, చక్కెర లేని స్వీట్లు. ఎవరైనా నొక్కితే ఆయనకు నాలుగు పైసలు. అంటే మా ప్యాకెట్ మీద పేరు చూసి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చినవాళ్లను పక్కవాళ్ల దుకాణానికి పంపి, ఆ పంపినందుకు కమీషన్ తీసుకుంటున్నాడు. డబ్బు అడగడం కంటే ఇదే నాకు ఎక్కువ మండింది.

యజమాని ఎవరో చూద్దామంటే, 2018లో యూరప్ ప్రైవసీ చట్టం వచ్చిన దగ్గర్నుంచి ఆ వివరాలు చాలావరకు కప్పేస్తున్నారు. పేజీలో ఉన్న ఫారం నింపితే జవాబొచ్చింది: డాట్ ఇన్ ఒక్కటే అయితే 1,000 డాలర్లు, రెండూ కలిపి 2,500, ఈ వారం మాత్రమే. మా నాయనకు చెప్తే, "బస్సులో తుండుగుడ్డ ఏసి సీటు ఆపినోడు కూడా కడాకు ఎక్కి కూచుంటాడు గదరా. వీడు కూచునేదీ లేదు, దిగేదీ లేదు, యాపారమేంది?" అన్నాడు.

వ్యాపారం ఏమిటంటే, ఒక పేరును ఏడాది పట్టి ఉంచడానికి వెయ్యి రూపాయలకు కాస్త అటూ ఇటూ అవుతుంది. ఇలాంటివాళ్లు ఒక్కొక్కరు వందలు, వేలు పోగేస్తారు. ఒక్కటి అమ్ముడైతే మిగతావాటి ఏడాది అద్దె వచ్చేసినట్టే. ఇంతకు ముందు ఆ అద్దె కూడా ఉండేది కాదు. కొన్న ఐదు రోజుల్లోపు వద్దంటే డబ్బు వాపసిచ్చే నిబంధన ఒకటి ఉంది. దాన్ని పట్టుకుని లక్షల పేర్లు తీసుకోవడం, ఐదు రోజులు ప్రకటనలు పెట్టి చూడడం, పైసలు రానివి వదిలేయడం చేసేవాళ్లు. మితిమీరి వెనక్కిచ్చే పేర్లకు, ప్రపంచమంతటి ఇంటర్నెట్ పేర్లను చూసుకునే ఐకాన్ సంస్థ రుసుము పెట్టాక, 2009కల్లా ఆ ఆట దాదాపు ఆగిపోయింది. పట్టుకు కూర్చునే ఆట మాత్రం ఆగలేదు. 2024లో జియోహాట్‌స్టార్ పేరును ముందే కొన్న ఢిల్లీ కుర్రాడు తన కేంబ్రిడ్జి చదువుకు డబ్బు అడిగితే దేశమంతా సరదాగా చదువుకుంది. అవతల రిలయన్స్ కాబట్టి సరదా. బెల్లం వండేవాడైతే కాదు.

తిరుపతిలో మా బావకు తెలిసిన లాయర్ ఉంటే పోయి కలిశాం. ఆయన మొదట అడిగింది పేరు మామూలు మాటా, కల్పించిన మాటా అని. మేం ఉత్త 'బెల్లం' అని పెట్టుకుని ఉంటే కేసే తీసుకునేవాణ్ణి కాదన్నాడు. అందరి మాటను ముందుగా కొనుక్కోవడం తప్పు కాదు. 1999లో బిజినెస్ డాట్ కామ్ 75 లక్షల డాలర్లకు అమ్ముడైంది, అది ఎవరి సొత్తూ దొంగిలించినట్టు కాదు. నాకు ఆ వ్యాపారమూ నచ్చదు గానీ, మాది వేరే జాతి గొడవ. డొమైన్ పేరుకు, అంటే వెబ్‌సైట్ పేరుకు కూడా ట్రేడ్‌మార్క్ లాంటి రక్షణ ఉంటుందని సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. బెంగళూరు సివిల్ కోర్టులో మొదలై ఢిల్లీ దాకా పోయిన కేసది.

కోర్టు వద్దన్నాడు లాయర్. డాట్ ఇన్ పేర్లు ఢిల్లీలోని నిక్సీ అనే సంస్థ చేతిలో ఉంటాయి, దానికి ఐఎన్‌డీఆర్‌పీ అని సొంత మధ్యవర్తిత్వ పద్ధతి ఉంది. డాట్ కామ్‌కైతే 1999 నుంచి ఉన్న యూడీఆర్‌పీ అనే అలాంటి పద్ధతే. దాని కింద జెనీవాలోని వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ)లో ఫిర్యాదు వేస్తే ఒక్క మధ్యవర్తికే రుసుము 1,500 డాలర్లు, లాయర్ ఖర్చు వేరే. అప్పుడర్థమైంది ఆ పేర్లు పట్టుకున్నాయన 2,500 ఎందుకు అడిగాడో. పేరు విలువ చూసి చెప్పిన ధర కాదది. గొడవకు పోతే మాకెంత అవుతుందో లెక్కేసి, దానికి కాస్త అటూ ఇటూగా చెప్పిన ధర. నిబంధనల ఖర్చే ఆయన దుకాణంలో సరుకు.

డాట్ ఇన్‌కు ఖర్చు చాలా తక్కువ. ముందు దానికే పోయాం.

మూడు నిరూపించాలి: ఆ పేరు మా మార్కును పోలి ఉంది, ఆయనకు దాని మీద న్యాయమైన హక్కేమీ లేదు, కొనడంలోనో వాడడంలోనో దురుద్దేశం ఉంది. ట్రేడ్‌మార్క్ సర్టిఫికెట్, జీఎస్‌టీ, ఫుడ్ లైసెన్స్, వేలూరు షాపుకు కొట్టిన మొదటి బిల్లు, లేబుల్ ఫొటోలు పోగేశాం. ప్రకటనల పేజీ స్క్రీన్‌షాట్ తీస్తుంటే లాయర్ ఆపి, "కింద గడియారం, తేదీ కూడా పడేట్టు తియ్యన్నా" అన్నాడు. నేను పనికిరాదనుకుని తీసేయబోయిన ధర మెయిల్ చూసి మాత్రం ఆయన మొహం వెలిగిపోయింది. తనకైన ఖర్చుకు మించి మార్కు యజమానికే అమ్మజూపడం దురుద్దేశానికి గుర్తుగా నిబంధనల్లోనే రాసి ఉంది. ఎవరి నోరు వాళ్లకే శత్రువంటే ఇదే.

అదే ఆఫీసులో బల్ల మీద ఇంకో ఫైల్ ఉంది, దర్శనం టికెట్ల నకిలీ సైట్‌కు డబ్బు కట్టి మోసపోయినవాళ్లది. ఇలాంటి సైట్ల మీద టీటీడీ కేసులు పెడుతూనే ఉంది. దేవస్థానం సైట్ ఇప్పుడు ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ కింద ఉంది, ఆ కొస ప్రభుత్వాలకు తప్ప ఇవ్వరు. అక్కడ ఎవడూ ముందుగా పోయి పట్టుకోలేడు. మనకా సౌకర్యం ఎక్కడిది?

ఫిర్యాదు వేశాక అంతా మెయిల్ మీదే నడిచింది. ఢిల్లీ పోవాల్సిన పని పడలేదు. మధ్యవర్తి ఇద్దరికీ నోటీసు పంపాడు. ధర చెప్పడానికి గంటలో జవాబిచ్చినాయన దీనికి ఒక్క ముక్క రాయలేదు. కాగితాలు చూసి పేరు మాకు బదలాయించమని తీర్పిచ్చారు. ఐఎన్‌డీఆర్‌పీ తీర్పులు నిక్సీ సైట్‌లో అందరికీ కనిపించేలా పెడతారు, ఇలాంటి చిక్కులో ఉన్నవాళ్లు ఫిర్యాదుకు ముందు నాలుగు చదువుకోవడం మంచిది. వాళ్లు ఏ కాగితానికి బరువిస్తారో తెలుస్తుంది.

ఇప్పుడు ప్యాకెట్ మీద డాట్ ఇన్ వేసుకున్నాం. అయినా అలవాటు కొద్దీ డాట్ కామ్ కొట్టి, తాటిబెల్లం ప్రకటన చూసి ఫోన్ చేసేవాళ్లున్నారు. దాన్ని ఆయన రెన్యువల్ చేయకపోతే దొరుకుతుందా అంటే, గడువు తీరాక రిజిస్ట్రార్, అంటే పేరు నమోదు చేసిన కంపెనీ, దగ్గర 45 రోజుల దాకా ఉండొచ్చు. తర్వాత అదనపు రుసుముతో విడిపించుకోవడానికి 30 రోజులు, ఆపైన ఇంకో 5 రోజులు ఆగి వదులుతారు. వదిలిన క్షణాన పట్టుకోవడానికి ప్రోగ్రాములు కాచుకునుంటాయి. మేమూ ఒక కంపెనీలో ముందస్తు బుకింగ్ పెట్టాం, వచ్చినప్పుడు చూద్దాం.

మొన్న ఆయన మళ్లీ మెయిల్ పెట్టాడు, డాట్ కామ్ 900 డాలర్లకే ఇస్తానని. జవాబివ్వలేదు. ప్రింట్ తీసి లాయర్ ఫైల్లో పెట్టించాను.