సిరిమాను వచ్చేలోగా

విజయదశమి వెళ్ళిన మంగళవారం జరిగే పైడితల్లమ్మ సిరిమాను పండగకు విజయనగరంలో గది కావాలంటే ఎన్ని తిప్పలు పడాలో ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. మామూలు రోజుల్లో 800 రూపాయలకు ఇచ్చే గదికి స్టేషను దగ్గరి లాడ్జీలో 2,500 చెప్పారు. ఫ్యానయినా తిరుగుతుందా అని అడిగితే, పండగ పూట తిరగకపోయినా జనం తీసుకుంటారండీ అని కౌంటరులోని కుర్రవాడు నవ్వుతూ జవాబిచ్చాడు. రెండు గదులు తీసుకోక తప్పలేదు, ఎందుకంటే నా వెంట నలుగురు విద్యార్థులున్నారు, వాళ్ళలో ఇద్దరు ఆడపిల్లలు.

విశాఖలో చదువుకోవడానికి వచ్చిన విదేశీ విద్యార్థులు కొందరికి ఆదివారం సాయంత్రాలు నేను తెలుగు చెబుతుంటాను. ఉద్యోగ విరమణ చేసిన తెలుగు మాస్టారికి అంతకంటే మంచి కాలక్షేపం ఉండదు. ఆటోవాడితో బేరమాడేంత భాష వచ్చిన తరువాత, ఎవరి ఊరి పండగ గురించి వాళ్ళు తెలుగులో చెప్పాలని ఒక నియమం పెట్టాను. చెప్పడం మొదలుపెట్టేలోగా మా పండగ ఒకటి కళ్ళారా చూపిస్తే వాళ్ళ నోళ్ళు వాటంతటవే తెరుచుకుంటాయనుకున్నాను. నిజం చెప్పాలంటే, సిరిమాను అనే అరవై అడుగుల చింతమాను కొసన మనిషి కూర్చుని ఊరేగడం చూసి వాళ్ళు నోరెళ్ళబెట్టాలన్నదే నా అసలు కోరిక.

విశాఖ ద్వారకా బస్సు కాంప్లెక్సులో నాన్‌స్టాప్ బస్సు ఎక్కిన దగ్గరనుంచి, సిరిమానుకు ముందురోజు జరిగే తొలేళ్ళ రాత్రి వరకూ చెప్పుకోదగినదేమీ జరగలేదు. మూడు లాంతర్ల దగ్గర అమ్మవారి చదురుగుడి ముందు జనంలో నలిగి, దూరం నుంచే దండం పెట్టుకుని, పూజారి చేతిమీదుగా రైతులకు విత్తనాలు పంచుతారని పిల్లలకు చెప్పి, లాడ్జీకి వచ్చి దోమలతో యుద్ధం చేశాము.

అసలు కథంతా మరునాడు ఒక మేడ మీద జరిగింది. సిరిమాను తిరిగేది చదురుగుడికీ కోటకూ మధ్య కాబట్టి, ఆ దారిలో మేడ ఉన్నవాడు ఆ ఒక్కరోజూ మహారాజే. నాకు తెలిసినవాళ్ళ ద్వారా ఒక మేడ మాట్లాడుకున్నాను. తలకు 300 అనుకున్నది, మెట్లెక్కేటప్పుడు పిల్లల ముఖాలు చూడగానే, "ఫారినోళ్ళకి అయిదొందలు మాస్టారూ" అన్నాడు ఇంటాయన. ఇథియోపియా కుర్రవాడు వెంటనే అందుకుని, "నేను ఫారిన్ కాదండీ, విశాఖ పెదవాల్తేరు" అన్నాడు. ఇంటాయనతో సహా మెట్లమీద ఉన్నవాళ్ళంతా నవ్వారు గానీ ధర మాత్రం తగ్గలేదు. మజ్జిగ కూడా ఇస్తామన్నాడు, చివరికి మంచినీళ్ళ సీసా కూడా ఇరవై రూపాయలకు కొనుక్కున్నాము.

ఉదయం పదకొండు గంటలకే మేడెక్కి కూర్చున్నాము, ఆలస్యమయితే వీధులు మూసేస్తారని భయం. సిరిమాను కదిలేది మధ్యాహ్నం తిరిగాకనే. ఆ ఎండలో, రెండు కుర్చీల మీద, పిట్టగోడ నీడ కింద గడిపిన ఆ గంటలే ఈ ప్రయాణంలో నాకు మిగిలినవి.

ఇంటాయన తల్లి, ఎనభై ఏళ్ళు పైబడిన మామ్మగారు, గోడకు చేరగిలబడి మమ్మల్ని చాలాసేపు చూసి, "ఏటి బాబూ, ఈ పిల్లలు పొద్దున్నుంచీ ఏటైనా తిన్నారా?" అని అడిగి, కోడలిని కేకేసి చోడంబలి, అంటే రాగి అంబలి, తెప్పించింది. డబ్బు ప్రసక్తి లేకుండా ఆ ఇంట్లో మాకు దొరికింది అదొక్కటే. స్టీలు గ్లాసుల్లో పుల్లటి మజ్జిగ కలిపిన చోడంబలి, పైన సన్నగా తరిగిన ఉల్లిపాయ, చీరిన పచ్చిమిరపకాయ. ఇది మా ఉత్తరాంధ్ర పేదవాడి అమృతమని, ఇంకెక్కడా దొరకదని నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. ఇథియోపియా కుర్రవాడు ఒక గుక్క తాగి, గ్లాసును వెలుతురుకు పట్టి చూసి, గింజ చూపించమన్నాడు. కోడలు గుప్పెడు చోళ్ళు తెచ్చి అతని అరచేతిలో పోసింది. "ఇవి మావి మాస్టారూ, మేము డగుస్సా అంటాము" అన్నాడు. నేపాల్ అమ్మాయి తొంగిచూసి, ఇవి కోదో అనీ, దీనితో ఢిండో అనే ముద్ద చేసుకోకుండా తమ కొండల్లో పూట గడవదనీ చెప్పింది. ఇద్దరూ ఆ గుప్పెడు గింజల కోసం తగువు పడ్డారు. తగువు తీర్చవలసినవాణ్ణి నేనే గనుక, తెలిసిన సంగతి చెప్పక తప్పలేదు: చోళ్ళు మొట్టమొదట సాగయింది తూర్పు ఆఫ్రికా మెట్టభూముల్లో, అక్కడినుంచి వేల ఏళ్ళ కిందట మన దేశానికి వచ్చాయి. మామ్మగారికి ఇది ఏమాత్రం నచ్చలేదు. "మా తాతల నాటినుంచీ మా పొలంలోనే పండుతున్నాయి, అక్కడినుంచి రావడమేటి?" అని, అయినా కుర్రవాడి గ్లాసు మళ్ళీ నింపించింది.

మా నియమం అక్కడ దానంతటదే అమలయింది. అమ్మవారి కథ నేను చెప్పాను: 1757లో విజయనగరానికీ బొబ్బిలికీ మధ్య జరిగిన బొబ్బిలి యుద్ధం, విజయనగరం రాజయిన అన్న విజయరామరాజు మరణం, చెల్లెలు పైడితల్లి ప్రాణం విడవడం, పెద్దచెరువులో విగ్రహం దొరకడం. నేపాల్ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటుంది, కనీసం నిట్టూరుస్తుంది అనుకున్నాను. ఆమె ఊరుకుంది గానీ, ఎప్పుడూ చేతిలో చిన్న పుస్తకంతో ఉండే జపాన్ అమ్మాయి తల ఎత్తి, "బొబ్బిలివాళ్ళు ఈ పండగకు వస్తారా?" అని అడిగింది. ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. మామ్మగారే జవాబు చెప్పింది: "ఎందుకు రారమ్మా, మా కోడలిది బొబ్బిలే కదా!" కోడలు కొంగు నోటికడ్డం పెట్టుకుని మెట్లు దిగిపోయింది.

తరువాత చింతమాను సంగతి వచ్చింది. ఏటా ఆ చెట్టు ఎక్కడుందో అమ్మవారే పూజారికి కలలో కనబడి చెబుతుందనీ, దాన్ని ఊరేగింపుగా తెచ్చి హుకుంపేటలో చెక్కుతారనీ చెప్పి, ఇప్పుడైనా ఆశ్చర్యపోతారేమోనని ఆగాను. జపాన్ అమ్మాయి నిదానంగా, వాళ్ళ నగానో ప్రాంతంలోని సువాలో ఒన్‌బాషిరా అనే పండగ గురించి చెప్పింది. ఆరేళ్ళకొకసారి కొండమీద పెద్ద దేవదారు జాతి చెట్లు పదహారు కొట్టి, నాలుగు గుళ్ళకు నాలుగేసి చొప్పున, వేలమంది తాళ్ళతో లాక్కుని వెళతారట. నిలువు పల్లం దగ్గర ఆ దుంగల మీద మనుషులు ఎక్కి కూర్చుంటే, దుంగ జారి కిందికి దూకుతుందట. కిందటిది 2022లో జరిగింది. కాళ్ళు విరిగినవాళ్ళున్నారా అని మామ్మగారు అడిగితే, విరగడమే కాదు, పోయినవాళ్ళు కూడా ఉన్నారని ఆ అమ్మాయి ఏ తొణుకూ లేకుండా చెప్పింది. మా సిరిమాను ఆ క్షణాన నా కంటికి కాస్త సాధువుగా కనిపించిందని ఒప్పుకోవాలి, నాకది బాధగానే తోచింది.

బంగ్లాదేశ్ కుర్రవాడు మానుల పోటీలోకి చరక్ పూజను తెచ్చాడు. చైత్ర సంక్రాంతికి, అంటే వాళ్ళ సంవత్సరం చివరి రోజున, వాళ్ళ పక్క ఊళ్ళోని హిందువులు పాతిన స్తంభానికి అడ్డకర్ర కట్టి, వీపుకు కొక్కేలు తగిలించుకున్న భక్తులను దాని చుట్టూ గిరగిర తిప్పుతారట. ఆ మాను ఏడాదంతా చెరువు నీళ్ళలో మునిగి ఉంటుందనీ, పండగకు ముందు పైకి తీస్తారనీ చెప్పేసరికి మామ్మగారు కూర్చున్నచోటే చేతులు జోడించింది. చెరువులోనుంచి పైకి వచ్చినదేదైనా ఆమెకు పైడితల్లమ్మే. ఆ మరునాటి బెంగాలీ సంవత్సరాది పొహెలా బైశాఖ్ గురించి చెప్పేటప్పుడు మాత్రం అతని గొంతులో గర్వం వినబడింది. ఢాకాలో చారుకళా, అంటే లలితకళల, విద్యార్థులు 1989లో మొదలుపెట్టిన ఊరేగింపులో కాగితంతో, వెదురుతో చేసిన పెద్ద పెద్ద పక్షులు, పులులు, ముఖాలు కదిలివస్తాయట. మతం ఏదని అడిగేవాడు ఉండడని రెండుసార్లు చెప్పాడు.

నేపాల్ అమ్మాయి ఇంద్రజాత్ర గురించి చెప్పింది. నాలా దగ్గరి అడవిలో చెట్టు కొట్టి, తాళ్ళతో ఖాట్మండుకు లాక్కొచ్చి, పాత రాజభవనం హనుమాన్ ధోకా ముందు నిలబెడితేగాని అక్కడ పండగ మొదలు కాదట. నేను ఇక ఆశ్చర్యపోవడం మానేశాను. మామ్మగారికి నచ్చింది చెట్టు కాదు, దాని వెనుక కథ. ఇంద్రుడు తల్లి పూజకోసం పారిజాతాలు కోయడానికి మారువేషంలో లోయకు దిగితే, జనం దొంగ అని పట్టుకుని కట్టేశారట. తల్లి దిగివచ్చి, పంటలకు మంచు కురిపిస్తానని మాటిచ్చి కొడుకును విడిపించుకున్నదట. "ఇంద్రుణ్ణే కట్టీసినారా!" అని మామ్మగారు మోకాళ్ళు చరుచుకుని నవ్వింది. "పువ్వులు కోస్తే కట్టీడమే మంచిది. మా పెరట్లో మందారాలు ఒక్కటీ ఉంచరు."

ఇథియోపియా కుర్రవాడు అంతవరకూ మాట్లాడకుండా మామ్మగారి పూజాసామగ్రి పళ్ళెం నుంచి అగరువత్తులు అడిగి తీసుకుని, పిట్టగోడ మీద ఏదో పని పెట్టుకున్నాడు. అరటినారతో వాటి కొసలు కలిపి కట్టి, అడుగున విడదీసి, గుడారంలా నిలబెట్టి, పైన ఒక బంతిపువ్వు గుచ్చాడు. మెస్కెల్ పండగ ముందురోజు వాళ్ళ దేశంలో ప్రతి ఊరి కూడలిలోనూ ఇలా పొడవైన కర్రలు కట్టి, ఆ రోజుల్లోనే పూసే పసుపుపచ్చ పూలు అలంకరించి, సాయంత్రం అంటిస్తారట. దాని పేరు దెమెరా. హెలెనా రాణి పొగ వాలిన దిక్కును బట్టి క్రీస్తు శిలువను కనుగొన్నదని అక్కడి క్రైస్తవుల నమ్మకం. పండగ సాధారణంగా సెప్టెంబరు 27న వస్తుంది. హాస్టల్లో మంట పెట్టనివ్వరు కాబట్టి ఈసారి కొవ్వొత్తితో సరిపెట్టుకున్నాడట. మరునాడు ఆ బూడిదతో నుదుట శిలువ గుర్తు పెట్టుకుంటారని చెప్పగానే, "ఇబూదే కదా" అని మామ్మగారు తేల్చేసింది. నడిమి కర్ర కాలి ఏ వైపు పడుతుందో దానిని బట్టి సంవత్సరం ఎలా ఉంటుందో చెప్పుకుంటారని విన్నాక ఆమె కుదురుగా ఉండలేకపోయింది. అగ్గిపెట్టె తానే తెచ్చి ఇచ్చింది. వత్తులు భగ్గుమనలేదు, పొగలు చిమ్ముతూ నెమ్మదిగా కాలాయి. గాలి కోట వైపునుంచి వీస్తుండడంతో ఆ చిన్న గుడారం గుడి వైపుకు ఒరిగి పడింది. ఏ వైపు పడితే మంచిదో చెప్పమని ఆమె అడుగుతూంటే, ఆ కుర్రవాడు మంచి మర్యాద తెలిసినవాడు గనుక, గుడి వైపే మంచిదన్నాడు.

నాలుగు గంటలు దాటాక కింద అరుపులు మొదలయ్యాయి. ముందుగా బెస్తవారి వల వచ్చింది. అమ్మవారి విగ్రహాన్ని చెరువులోనుంచి తీసినవాళ్ళు బెస్తవారు కాబట్టి వాళ్ళకా మర్యాద. తెల్ల ఏనుగు రథం కనబడగానే బంగ్లాదేశ్ కుర్రవాడు, ఇది మా ఊరేగింపులోదే అని పిట్టగోడ ఎక్కబోతే చొక్కా పట్టుకుని దించవలసి వచ్చింది. ఊరేగింపులో సిరిమానుకు ముందు నడిచే పాలధార, అంజలి రథం వెళ్ళాయి. తరువాత సిరిమాను. మేడ మీద ఉండడంవల్ల, మాను కొస మాకు ఎదురుగా, దాదాపు మా కళ్ళ ఎత్తులోనే కదిలింది. కింద బండి చక్రం రాయెక్కిన ప్రతిసారీ ఆ కుదుపు మాను పొడవునా పాకి, కొసన పూజారి కూర్చున్న ఆసనం జానెడు పైకి లేచి మళ్ళీ కుదుటపడుతుంది. ఆయన ఒక చేత్తో పట్టుకుని, రెండవ చేత్తో జనాన్ని దీవిస్తూ ఉన్నాడు. ఆ చేతి వేళ్ళు బిగుసుకుని ఉండడం నేను మొదటిసారి చూశాను, చిన్నప్పుడు నెల్లిమర్ల నుంచి బండి కట్టుకుని వచ్చి కిందనుంచి చూసిన నాకు ఆయన దేవుడిలా కనిపించేవాడే గాని, భయపడగలిగిన మనిషిలా కనిపించలేదు. అన్ని వైపులనుంచీ అరటిపళ్ళు ఎగిరి వచ్చాయి. ఒకటి బంగ్లాదేశ్ కుర్రవాడి కళ్ళజోడుకు తగిలి పగిలింది. పండే, కళ్ళజోడు కాదు. జపాన్ అమ్మాయి పుస్తకం మూసేసింది. నేపాల్ అమ్మాయి చెయ్యెత్తి ఏదో అంది, ఆ గోలలో నాకు వినబడలేదు.

వాళ్ళు ఆశ్చర్యపోలేదు. మూడుసార్లు కోటదాకా వెళ్ళి వచ్చిన మానును, పెళ్ళిలో ఎదురుపడిన దూరపు చుట్టాన్ని చూసినట్టు, తెలిసిన ముఖమే అన్న ధీమాతో చూశారు. నాకు కొంత చిన్నతనంగానే ఉంది, మా ఊరి వింత వింత కాకుండా పోయినందుకు. పొద్దున్నించీ మేడమీద నేనొక్కణ్ణే వింటూ, ఆశ్చర్యపోతూ ఉన్నానన్న సంగతి వాళ్ళెవరూ గమనించినట్టు లేదు.

తిరుగు ప్రయాణం సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. బస్సులు ఊరి బయటే ఆపేశారు. ఆటోవాడు మూడు కిలోమీటర్లకు మనిషికి వంద అడిగితే, బేరం పెదవాల్తేరు పౌరుడికి అప్పగించాను, అరవైకి ఒప్పించాడు. బస్సులో నిలబడే వస్తూ జపాన్ అమ్మాయి లెక్క వేసి, మళ్ళీ ఒన్‌బాషిరా 2028లో అని చెప్పి, మాస్టారూ మీరు రావాలన్నది. టిక్కెట్టు ధర విని తగరపువలస దాకా నేను మాట్లాడలేదు. అప్పుడు నేపాల్ అమ్మాయి, మా పండగ ఏటా వస్తుంది, విమానం అక్కరలేదు, గోరఖ్‌పూర్ దాకా రైల్లో వచ్చి సునౌలీ దగ్గర సరిహద్దు దాటితే చాలు, మీకు పాస్‌పోర్టు కూడా అవసరం లేదు, ఓటరు కార్డు ఉంటే సరిపోతుందన్నది. ఓటరు కార్డు ఉంది. స్లీపరు క్లాసు చార్జీ ఎంతో కనుక్కోమని బంగ్లాదేశ్ కుర్రవాడికి చెప్పాను.