కోరంగి లైట్‌హౌస్, ఉప్పాడ రోడ్డు

కోరంగి మడ అడవిలో బోటెక్కి వెళ్తే బ్రిటిష్ వాళ్ల కాలం నాటి లైట్‌హౌస్ కనిపిస్తుంది. చుట్టూ బురద, అందులోంచి పైకి పొడుచుకొచ్చిన మడ వేళ్లు. ఓడలకు దారి చూపాల్సింది అడవిలో ఏం చేస్తోందని అడిగితే, బోటు నడిపే ఆయన నవ్వేసి "ఆయ్, అప్పట్లో సముద్రం ఇక్కడిదాకా ఉండేదండి" అన్నాడు. గోదావరి ఒండ్రు మేటవేసి సముద్రాన్నే వెనక్కి నెట్టింది. కాకినాడకు అడ్డుగోడలా ఉన్న 16 కిలోమీటర్ల హోప్ ఐలాండ్ కూడా అలా పుట్టిన ఇసుక దిబ్బే. 1839 తుపాను ముంచేసిన ఓడరేవు ఈ కోరంగే మరి.

సాయంత్రం ఉప్పాడ వెళ్తే అంతా తిరగబడింది. సముద్రం ఊళ్లోకి వచ్చేస్తోంది. ఒక ఇంటికి వెనక గోడ లేదు, వంటింటి గూట్లో ఉప్పు డబ్బా మాత్రం అలాగే ఉంది.

అందరూ తుపాన్లను తిడతారు. నాకైతే అది సగం కథే అనిపిస్తుంది. ఎగువన డ్యాములు కట్టాక ఒండ్రు బాగా తగ్గింది. తీరం వెంట ఉత్తరానికి, ఉప్పాడ వైపు నడిచే ఇసుకకు హోప్ ఐలాండ్, కాకినాడ పోర్టు అడ్డం. ఇక అలల్ని ఆపాలని ఒడ్డున రాళ్లెన్ని పోస్తే ఏం లాభం?

ఉప్పాడ చీరలకు వెళ్లేవాళ్లు ఆ బీచ్ రోడ్డు మీదుగా వెళ్లి చూడండి. తుపాను రోజుల్లో మాత్రం వద్దు, అలలు రోడ్డు మీదకే వస్తాయి.