బాబాయి ఎక్సెల్ షీటూ, తమ్ముడి ర్యాంక్ లిస్టూ

శనివారం. ఈ వారాంతం డ్యూటీ లేదు కదా అని కాస్త లేటుగా లేచి, పేరుకుపోయిన బట్టలు మెషీన్‌లో పడేసి, కుక్కర్ పెడుతుంటే వాట్సాప్ కాల్. ఇక్కడ అమెరికాలో పొద్దున 10, విజయవాడలో రాత్రి 8:30. పిన్ని కొడుకు. పక్కనే బాబాయి, ఆయన ఒళ్ళో ల్యాప్‌టాప్, అందులో ఎక్సెల్ షీటు. ఎంబీబీఎస్ అయిన వాడికి ఇక్కడి ఆసుపత్రుల్లో ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీకి, అంటే మన పీజీ లాంటి ట్రైనింగ్‌కి, ఏడు ఇంటర్వ్యూలు వచ్చాయి. అభ్యర్థులూ, ఆసుపత్రుల ప్రోగ్రాంలూ ఎవరి ర్యాంక్ లిస్టు వాళ్ళు ఇస్తే కంప్యూటర్ జతలు కలుపుతుంది, దాన్నే మ్యాచ్ అంటారు. ఆ ఏడింటినీ ఏ వరుసలో పెట్టాలన్నది పంచాయితీ. గడువు ఇక్కడి బుధవారం రాత్రి 9, అంటే వాళ్ళకి గురువారం పొద్దున 7:30.

బాబాయి షీటులో ఒక కాలమ్ ఉంది, 'మనవాణ్ణి తీసుకునే ఛాన్స్'. మిషిగన్‌లో ఒక చిన్న ఆసుపత్రి వాళ్ళు "మీరు మాకు బాగా నచ్చారు" అని మెయిల్ పెట్టారట, దానికి 90 శాతం వేసి ఒకటో నంబరు. వాడు మనసుపడ్డ ఒహాయో యూనివర్సిటీ ప్రోగ్రాంకి 20 శాతం, అది ఐదో స్థానంలో. ఈ అంకెలు ఎక్కడివి బాబాయ్ అంటే, జూమ్‌లో ఎవరు ఎంతసేపు మాట్లాడారు, ఎవరు ఎన్నిసార్లు నవ్వారు అన్నదాన్ని బట్టి వేశారట! "ఒహాయో పైన పెట్టి అది రాకపోతే, మిషిగన్ వాళ్ళు మనం రెండో నంబరు ఇచ్చామని వదిలేస్తే?" అదీ ఆయన భయం. ప్రతి ఫిబ్రవరిలోనూ ఎవరో ఒకరు నన్ను ఇదే అడుగుతారు.

అసలు మనంతట మనం చెబితే తప్ప మిషిగన్ వాళ్ళకి మనం ఎన్నో నంబరు ఇచ్చామో తెలిసే దారే లేదు, అడగడానికి కూడా నిబంధన ఒప్పుకోదు. కంప్యూటర్ మొదట ఒహాయోలో ప్రయత్నిస్తుంది. అక్కడ సీటు దొరికితే అది తాత్కాలికమే, ఆ ప్రోగ్రాం వాళ్ళ లిస్టులో వీడికంటే పైనున్నవాళ్ళు తర్వాత వస్తే వీడు కదలాల్సిందే. అప్పుడు రెండో నంబరైన మిషిగన్‌కి వెళ్తాడు. ఈలోగా మిషిగన్ సీట్లు నిండిపోయి ఉన్నా ఫర్వాలేదు, వాళ్ళ లిస్టులో వీడు పైన ఉంటే కిందవాళ్ళని తప్పించి వీడికి ఇస్తారు. ఆలస్యంగా వచ్చాడని పోయేదేమీ లేదు. 1998 నుంచి ఈ పద్ధతి అభ్యర్థి వైపు నుంచే మొదలవుతుంది, దాన్ని అలా మార్చిన ఆల్విన్ రాత్‌కీ, దీనికి మూలమైన లెక్క కట్టినవాళ్ళలో ఒకరైన లాయిడ్ షాప్లేకీ 2012లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ కూడా వచ్చింది. బాబాయికి నోబెల్ సంగతి ఏమాత్రం ఎక్కలేదు.

ఎక్కింది ఇంకోటి. "ఎంబీబీఎస్ వెబ్ ఆప్షన్లప్పుడు మీరేం చేశారు? రాదని తెలిసీ ఆంధ్రా మెడికల్ కాలేజీ పైన పెట్టించారు, రాకపోతే కిందది ఎటూ పోదులే అన్నారు, వాడికి కాకినాడ వచ్చింది. ఇదీ అంతే" అన్నాను. ఫోన్‌లో కాసేపు మాటలేదు. తర్వాత మౌస్ క్లిక్కులు.

నిజంగా తలబద్దలు కొట్టుకోవాల్సింది వీసా గురించి. జే-1 (ఎక్స్ఛేంజ్ వీసా) అయితే ట్రైనింగ్ అయ్యాక రెండేళ్ళు ఇండియాకి వెళ్ళాలి, లేదంటే డాక్టర్ల కొరత ఉన్న ఊళ్ళో మూడేళ్ళు పనిచేసి ఆ షరతు నుంచి మినహాయింపు (వెయివర్) తెచ్చుకోవాలి. హెచ్-1బీ (ఉద్యోగ వీసా) అయితే ఇక్కడి డాక్టర్ లైసెన్సు పరీక్షల్లో చివరిదైన స్టెప్ 3 ముందే పాసై ఉండాలి, పైగా 2025 సెప్టెంబరులో దేశం బయటున్నవాళ్ళ కొత్త పిటిషన్లకి లక్ష డాలర్ల ఫీజు వచ్చిపడింది కాబట్టి, ఇంటర్వ్యూలో ఇస్తామన్న ప్రోగ్రాంని కూడా మళ్ళీ అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోమన్నాను. వాడికి కార్డియాలజీ పిచ్చి, అందుకని ఏ ప్రోగ్రాం నుంచి ఎందరు ఫెలోషిప్‌లకి (రెసిడెన్సీ తర్వాతి సూపర్ స్పెషాలిటీ ట్రైనింగ్) వెళ్ళారో చూడమన్నాను. ఇంకోటి, డైరెక్టర్లు పక్కన లేనప్పుడు రెసిడెంట్లు ఎలా మాట్లాడారు అని అడిగాను. వాడు ఠక్కున, "న్యూజెర్సీ వాళ్ళలో ఒకమ్మాయి, నైట్స్ ఎలా ఉంటాయి అంటే మిగతావాళ్ళ మొహాలు చూసి, మేనేజ్ అవుతుంది అందక్కా" అన్నాడు. ఇలాంటిది ఎక్సెల్‌లో ఏ కాలమ్‌లోకీ రాదు గానీ నేనైతే దీనికే ఎక్కువ విలువిస్తాను.

దాంతో బాబాయి న్యూజెర్సీని మొత్తానికే తీసేద్దామన్నారు. అక్కడ మాత్రం ఆపాను. మ్యాచ్ అయితే వెళ్ళి తీరాలి, నిజమే, చచ్చినా వెళ్ళలేననుకున్నది లిస్టులో ఉండకూడదు. కానీ కాస్త కష్టంగా ఉంటుందని తీసేసే స్థితిలో మనవాళ్ళు లేరు. 2025లో అమెరికా పౌరులు కాని విదేశీ గ్రాడ్యుయేట్లలో మ్యాచ్ అయింది 58 శాతమే. మార్చిలో ఫలితాలొచ్చే సోమవారం "మ్యాచ్ కాలేదు" అన్న మెయిల్ చూసి, సోప్ (SOAP) అనే ఆఖరి రౌండ్‌లో మిగిలిన సీట్ల కోసం పరుగెత్తడం కంటే న్యూజెర్సీలో నైట్స్ చేసుకోవడం వెయ్యి రెట్లు నయం. చివర్లో పెట్టు, తీయకు అన్నాను.

అన్నం తిని బట్టలు మడతపెడుతుంటే స్క్రీన్‌షాట్ పంపాడు. ఒకటి ఒహాయో, రెండు మిషిగన్, ఏడు న్యూజెర్సీ. అన్నీ బానే ఉన్నాయి, ఒక్క సర్టిఫై బటన్ తప్ప. అది నొక్కకపోతే ఆ లిస్టు లెక్కలోకే రాదురా, బుధవారం దాకా ఆగకు, ఇప్పుడే నొక్కు, తర్వాత మార్చుకుంటే మళ్ళీ సర్టిఫై చేయి అని మెసేజ్ పెట్టాను. నొక్కానన్నాడు. నాలుగో నంబరూ ఐదో నంబరూ మాత్రం బాబాయికి ఇంకా నచ్చలేదట, ఊళ్ళో గుడి ఉందా లేదా అని మ్యాప్‌లో వెతుకుతున్నారట.