వెనక వరుస మొక్కల కోసం కరీంనగర్ దాకా

నర్సరీలో మొక్క ధర ఎత్తును బట్టి ఉంటుంది. నిటారుగా, గుబురుగా, నడుము ఎత్తు పెరిగిన థూజాకు నాలుగు వందలు చెప్పే యజమానే, దాని వెనక తల విరిగి ఒక పక్కకు ఒరిగిపోయిన మొక్కను నూట యాభైకి వదిలించుకుంటాడు. చెట్టును చిన్న కుండీలో మరుగుజ్జుగా తీర్చిదిద్దే బోన్సాయ్ పెంపకందారుకు కావలసింది ఆ రెండోదే. మొదలు లావుగా ఉండాలి, ఎత్తు తక్కువ ఉండాలి, కాండంలో కాస్త వంకర ఉంటే మరీ మంచిది. ఈ లెక్కను నమ్ముకుని, వానాకాలం అమ్మకాలు తగ్గి నర్సరీల వాళ్లు పాత సరుకు ఎలా పోతుందా అని చూసే రోజుల్లో, హనుమకొండ నుంచి కరీంనగర్ దారి పట్టాను. బండి నడిపింది మా బావమరిది. అతనికి మొక్కల మీద ఆసక్తి లేదు. కరీంనగర్‌లో వేరే పని ఉండి వచ్చాడు.

ఆ దారి 563వ నంబరు జాతీయ రహదారి. దాన్ని నాలుగు వరుసలుగా వెడల్పు చేసే పనులకు 2023 జులైలో వరంగల్‌లో శంకుస్థాపన జరిగింది. పని జరిగిన చోటల్లా దుమ్ము. అంచున మొక్కజొన్న ఆరబోసి ఉంది, దాని పక్కనే నర్సరీ. ముందు వరుస మొక్కలకు ఆకు రంగు తెలియనంత మట్టి పట్టింది. నేను చేతిలో నీళ్ల సీసా పట్టుకునే దిగాను. ఒక కొమ్మ కడిగి చూడనిదే ఆకు పచ్చగా ఉందో, పాలిపోయిందో చెప్పలేం.

హసన్‌పర్తి దాటాక ఆగిన మొదటి చోట నిమ్మవాసన వచ్చే చిన్న సైప్రస్ మొక్కలు కనబడ్డాయి. లేత పసుపు రంగు, శిఖరంలా కోసుగా ఉండే ఆకారం, చూడగానే కొనాలనిపిస్తుంది. ఇవి చల్లని ప్రాంతాల మొక్కలు. మే నెలలో నలభై నాలుగు డిగ్రీలు చూసే వరంగల్ డాబా మీద ఇవి బతకవు. చౌకగా ఇస్తానన్నా వద్దన్నాను. క్రిస్మస్ చెట్టు పేరుతో అమ్మే అరకేరియా కూడా అంతే, అయితే కారణం వేరు. అది ఎండకు తట్టుకుంటుంది గానీ, అంతస్తులు అంతస్తులుగా కొలిచి పెట్టినట్టు కొమ్మలు వేసే ఆ చెట్టును కుదించడం నా వల్ల కాదు. జపాను నల్ల పైన్, లార్చ్ వంటివి ఈ దారిలో దొరకవు. దొరికినా వాటికి కావలసిన చలికాలం మన దగ్గర లేదు. ఉత్తర తెలంగాణలో తక్కువ డబ్బుతో మొదలుపెట్టే వాడికి, పూలు పూయకుండా శంకువుల్లో గింజలు పెట్టే కోనిఫర్లలో చివరికి మిగిలేవి రెండే: థూజా, జూనిపర్.

ఎల్కతుర్తి దగ్గర ఒకాయన "పైన్ ఉంది సార్, రండి" అని లోపలికి తీసుకెళ్లాడు. చూపించింది సరుగుడు. సూదుల్లా కనిపించేవి ఆకులు కావు, కణుపులున్న సన్నని రెమ్మలు. ఒకదాన్ని కణుపు దగ్గర లాగి, మళ్లీ అతికించి, ఎక్కడ తెగిందో చెప్పమని చిన్నప్పుడు ఆడుకున్న ఆట మా బావమరిదికి అక్కడే గుర్తొచ్చింది. సరుగుడు పూలు పూసే జాతి, కోనిఫర్ కాదు. అయితే మన ఎండకు అది ఏ పైన్ కన్నా నయం. పైన్ రూపం కావాలనుకునేవారు దాన్ని నిస్సంకోచంగా తీసుకోవచ్చు. ముప్ఫై రూపాయలకు ఒకటి బండిలో పెట్టించాను.

అసలు వేట హుజూరాబాద్ దాటాక దొరికింది. అది పాత నర్సరీ. ముందంతా కడియం నుంచి లారీలో దిగిన మందారాలు, గులాబీలు. నేను ఎటూ చూడకుండా నీళ్ల తొట్టి వెనక్కి నడిచాను. అక్కడ ఎన్నాళ్ల నుంచో కదలని థూజాలు పది దాకా ఉన్నాయి. నల్ల కవర్లు చిరిగి, వేళ్లు కింద నేలలోకి దిగిపోయాయి. నేలలో వేరు దిగిన మొక్క కవరులో ఉన్నదానికన్నా త్వరగా లావెక్కుతుంది. యజమానికి అది పాడైన సరుకు, నాకు పండగ.

వంగి, ఒక మొక్క మొదట్లో వేలితో మట్టి గీకాను. పైన రెండు అంగుళాలు వట్టి ఎర్రమట్టి. అది తొలగగానే కాండం హఠాత్తుగా వెడల్పయింది. బొటనవేలంత అనుకున్నది కింద రెండు వేళ్ల లావుంది. ఒక పక్క రెండు వేర్లు నేలను పట్టుకుని బయటకు పాకాయి. ఇంకో పక్క ఒక వేరు కాండం చుట్టూ చుట్టకుదురులా తిరిగింది. అది కోసేస్తే పోతుంది. పక్క మొక్కకు గీకితే కింద ఏమీ లేదు, గునపం పాతినట్టు నేరుగా దిగింది. అలాంటిది ఊరికే ఇచ్చినా వద్దు. మిగతావీ గీకి చూసి, మొదటిదానికి తోడు మంచి మొదలున్న ఇంకొకటి ఎంచుకున్నాను. మట్టి గీకకుండా కొనడమంటే మొక్కలో సగమే చూసి డబ్బులివ్వడం.

"బావా, అన్ని మంచి మొక్కలుంటే ఆ కుంటివాటి మీద పడ్డావేమిటి?" అన్నాడు మా వాడు, యజమానికి వినబడేలా. బేరానికి అంతకన్నా సాయం ఉండదు. "తీసుకెళ్లండి సార్, రెండూ కలిపి రెండు వందలివ్వండి" అన్నాడాయన. వేళ్లు తెగకుండా చుట్టూ మట్టితో సహా తవ్వి ఇవ్వమని ఇంకో యాభై ఇచ్చాను.

థూజా ఆకును పుస్తకంలో దాచుకుంటే చదువొస్తుందని బడిలో నమ్మినవాళ్లం మేం. బోన్సాయ్ తెలిసినవాళ్లు దాన్ని కాస్త చిన్నచూపు చూస్తారు. కొమ్మలు పైకే లేస్తాయి, ఆకు విసనకర్రలా నిలువుగా నిలబడుతుంది, నిజమే. ఆ ధరకు ఆ మొదలు ఇంకే కోనిఫర్‌లో దొరుకుతుంది?

జూనిపర్లు అక్కడే నీడలో నాలుగున్నాయి. తెల్ల కాగితం కింద పట్టి కొమ్మను తట్టాను. మొదటి మూడింటి నుంచి ఎర్రని చుక్కలు రాలి కాగితం మీద నడవడం మొదలుపెట్టాయి: ఆకు రసం పీల్చే ఎర్రనల్లి. నాలుగోది శుభ్రంగా ఉంది, కొసల్లో లేత ఆకుపచ్చ చిగురు కూడా ఉంది. ఆ చిగురు లేకపోతే కొనకూడదు. జూనిపర్ వేళ్లు చచ్చాక కూడా వారాల తరబడి పచ్చగానే కనిపిస్తుంది. దీనికి బేరం కుదరలేదు, నూట ఎనభై ఇచ్చాను.

కరీంనగర్ దగ్గరపడ్డాక ఒక ఇటుక బట్టీ దగ్గర ఆపించి, బాగా కాలిన ఇటుక ముక్కలు ఒక బస్తా అడిగాను. సగం కాలినవి నీళ్లు తగిలితే బురదవుతాయి. వీటిని నలగ్గొట్టి, జల్లించి, పొడి తీసేసి శనగ గింజంత పలుకులే కుండీల్లో వాడతాను. ఇటుకలోని సన్నని రంధ్రాలు తేమను పట్టి ఉంచుతాయి, పలుకుల మధ్య సందుల్లోంచి అదనపు నీరు కారిపోతుంది. నీరు నిలిస్తే ఈ జాతి వేళ్లు కుళ్లుతాయి. 1213 నాటి రామప్ప గుడి శిఖరానికి నీళ్ల మీద తేలే తేలిక ఇటుకలు వాడారు. బోన్సాయ్ పిచ్చి ఉన్నవాడికి పాలంపేటలో ఆ శిఖరం చూసినప్పుడు వచ్చే మొదటి ఆలోచన ఏమిటో బయటకు చెప్పకపోవడమే మంచిది.

ఊళ్లో చివరి మజిలీ మోటారు వైండింగ్ దుకాణం. కాలిపోయిన మోటార్ల రాగి తీగ అక్కడ తూకానికి దొరుకుతుంది. కొమ్మలు వంచడానికి తీగను ఎర్రగా కాల్చి చల్లారనిస్తే మెత్తబడుతుంది, చుట్టి వంచగానే మళ్లీ గట్టిపడి పట్టు నిలుపుతుంది. కిలో ధర ఎక్కువే, అందుకే పావు కిలోతో సరిపెట్టాను. మా బావమరిది మాత్రం ఒక్కో థూజా కన్నా తీగకే ఎక్కువ ఖర్చయిందని తిరుగు దారంతా లెక్క చెబుతూ వచ్చాడు. లెక్క తప్పేమీ కాదు.

మొక్కలను ఇప్పుడే కుండీల్లోకి మార్చను. తవ్వి తెచ్చిన థూజాలు మట్టిగడ్డతో సహా పెద్ద సంచుల్లో, గ్రీన్ నెట్ కింద సంక్రాంతి దాకా ఉంటాయి. అప్పుడు వేళ్లు సరిచేస్తాను, కొమ్మల జోలికి మళ్లీ వానాకాలంలోనే. వేరూ కొమ్మా ఒకేసారి కోస్తే రెండింటికీ మొక్క తట్టుకోలేదు. కొమ్మ కోసినా దాని మీద కొంత ఆకుపచ్చ మిగల్చాలి. ఆకంతా పోయి బోసిపోయిన పాత కొమ్మ నుంచి థూజా, జూనిపర్ మళ్లీ చిగురించడం అరుదు. జూనిపర్‌ను మాత్రం మిగతావాటికి దూరంగా పెట్టి, నెలపాటు రోజూ ఉదయం ఆకుల అడుగు భాగం తడిసేలా నీళ్లు చిమ్ముతాను. కాగితం మీద ఒక్క ఎర్ర చుక్క కనబడినా వేపనూనె పిచికారీ తప్పదు.